డొమైన్ 'పెండింగ్'లో ఉంటే 48 గంటలు ఆగమనడం జవాబు కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. వెబ్‌సైట్ కోసం ఒక పేరు (డొమైన్) కొంటారు. డబ్బు కడతారు, రసీదు వస్తుంది. రోజు గడిచినా ఆ పేరు తమది కాలేదని తెలిసి హోస్టింగ్ సంస్థకు ఫోన్ చేస్తే వినిపించే మాట దాదాపు ఒకటే: 'డీఎన్ఎస్ అన్ని చోట్లకూ పాకడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది, ఓపిక పట్టండి.' నమోదే కాని పేరు విషయంలో ఈ మాటకు అర్థమే లేదు. పేరు నమోదు కావడం ఒక పని. నమోదైన పేరు ఏ సర్వర్‌కు దారి చూపుతుందో అందరికీ తెలియడం వేరే పని, డీఎన్ఎస్ చేసేది ఇదే. మొదటిది జరగనిదే రెండోది మొదలుకాదు. పుట్టని పిల్లకు ఇంకా నడక రాలేదేమని బెంగపడినట్టుంది ఈ జవాబు.

ఇందులో నష్టం కొన్నవాళ్లదే. నమోదు అయ్యేంత వరకూ ఆ పేరు ఖాళీగానే ఉంటుంది, ముందు అడిగినవాళ్లదవుతుంది. కార్టులో వేసుకున్నారని, డబ్బు కట్టారని దాన్ని ఎవరూ పక్కన పెట్టి ఉంచరు. 'అందుబాటులో ఉంది' అని చూపే పచ్చ టిక్కు ఆ క్షణానికి మాత్రమే నిజం. అందుకే డబ్ల్యూహెచ్ఎంసీఎస్, బ్లెస్టా, హోస్ట్‌బిల్, ఫాస్‌బిల్లింగ్ లాంటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లతో డొమైన్లు అమ్మే చిన్న సంస్థలవాళ్లకూ, వాళ్ల దగ్గర కొనే పాఠకులకూ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాం. మెనూల పేర్లు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటాయి గానీ లోపల నడిచే తంతు అన్నిటికీ ఒక్కటే.

ముందుగా చూడాల్సింది ఆర్‌డాప్ రికార్డు, అంటే పేరు ఎక్కడ, ఎప్పుడు నమోదైందో అడిగితే చెప్పే సేవ ఇచ్చే వివరం. డాట్ కామ్ లాంటి సాధారణ డొమైన్లకు హూయిజ్ అనే పాత వివరాల సేవ నడిపి తీరాలన్న ఐకాన్ (డొమైన్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) నిబంధన 2025 జనవరి 28తో ముగిసింది. ఇప్పుడు ఆ పని ఆర్‌డాప్‌ది. రిజిస్ట్రీ (డాట్ కామ్ లాంటి ఒక్కో పొడిగింపులోని పేర్ల మూల జాబితా ఉంచే సంస్థ) ఆర్‌డాప్ సర్వర్‌ను పేరు పెట్టి అడిగితే, పేరు నమోదై ఉంటే నమోదు తేదీ, రిజిస్ట్రార్ (రిజిస్ట్రీలో పేరు నమోదు చేయించే సంస్థ), స్థితి గుర్తులు వస్తాయి. నమోదు కాకపోతే 404, అంటే 'దొరకలేదు' అని వస్తుంది. 404 వచ్చిందంటే ఇక డీఎన్ఎస్ ఊసు ఎత్తక్కర్లేదు, లోపం బిల్లింగ్‌కూ రిజిస్ట్రీకీ మధ్య ఎక్కడో ఉంది. ఒక చిన్న మెలిక: రిజిస్ట్రీ తనకోసం అట్టిపెట్టుకున్న పేర్లకు కూడా 404 రావచ్చు. కాబట్టి 404 అంటే 'ఎవరి పేరునా లేదు' అని మాత్రమే, 'కొనుక్కోవచ్చు' అని కాదు.

ఇదే మార్పు ఇంకో తలనొప్పి తెచ్చింది. పేరు ఖాళీగా ఉందో లేదో చూడటానికి పాత బిల్లింగ్ వ్యవస్థలు 43వ పోర్టులోని హూయిజ్ సర్వర్లనే అడుగుతూ, జవాబులో ఫలానా వాక్యం కనిపిస్తే ఖాళీ అని లెక్కగట్టేవి. ఆ సర్వర్ మూతపడినా, జవాబులో మాట మారినా ఆ లెక్క తప్పుతుంది. ఖాళీ పేరు అమ్ముడైందని చూపిస్తుంది, ఒక్కోసారి అమ్ముడైన పేరును ఖాళీ అని చూపించి డబ్బు కూడా కట్టించుకుంటుంది. హూయిజ్‌ను వదిలి, రిజిస్ట్రార్ ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే దారి) ద్వారానే అందుబాటు చూసే పద్ధతికి మారడం మేలు. ఏ రిజిస్ట్రార్‌తో నమోదు చేస్తారో ఖాళీ ఉందా అని అడగడమూ ఆ రిజిస్ట్రార్‌నే అడగాలి.

ఇక 'పెండింగ్' అనే మాట సంగతి. బిల్లింగ్ తెరమీద ఈ ఒక్క మాట చాటున కనీసం నాలుగు వేర్వేరు పరిస్థితులు దాక్కుని ఉంటాయి: డబ్బు అందలేదు, డబ్బు అందినా ఆర్డరును మోసం అనుమానంతో ఆపారు, ఆ డొమైన్ రకానికి ఆటోమేటిక్ నమోదు పెట్టనే లేదు, నమోదుకు అడిగితే రిజిస్ట్రార్ కాదన్నాడు. నాలుగింటికీ మందు వేరు. ఏదో తేల్చుకోకుండా అకౌంటులో 'రిజిస్టర్' బటన్ నొక్కుతూ పోతే జబ్బు ఒకటి, మందు ఒకటి అవుతుంది.

డబ్బు దగ్గర మొదలుపెడదాం. కస్టమర్ ఖాతాలోంచి డబ్బు కట్ అవడం, బిల్లింగ్‌లో ఇన్‌వాయిస్ 'చెల్లించబడింది'గా మారడం ఒకే సంఘటన కాదు. పేమెంట్ గేట్‌వే మీ సర్వర్‌లోని కాల్‌బ్యాక్ చిరునామాకు వచ్చి కబురు చెప్పాలి. ఆ కబురు దారిలో ఆగిపోయే చోట్లు చాలా ఉన్నాయి. సర్వర్‌కు కాపలా కాసే మాడ్ సెక్యూరిటీ నియమం అడ్డుకోవచ్చు. ఫైర్‌వాల్ బయటి దేశాల ఐపీలను ఆపేసి ఉండవచ్చు. సైటు చిరునామాను మార్చినప్పుడు గేట్‌వే ప్యానెల్‌లో పాత కాల్‌బ్యాక్ లింకే మిగిలిపోవచ్చు. సైటు మొత్తాన్ని పాస్‌వర్డ్ వెనక పెట్టి పరీక్షించి, దాన్ని తీయడం మరిచిపోయిన సందర్భాలూ ఉంటాయి. గేట్‌వే లాగ్ తెరిచి చూడండి. కబురు అసలు రాకపోతే లోపం బయట ఉంది. వచ్చి, సంతకం సరిపోలక తిరస్కరించి ఉంటే రహస్య కీ తప్పు.

కొంతమంది కంటికి ఆనని కారణం ఇంకోటి ఉంది. కరెన్సీ మార్పిడిలోనో, పన్ను గుండ్రం చేయడంలోనో చెల్లింపు ఇన్‌వాయిస్ మొత్తం కంటే పైసా తక్కువగా నమోదవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు పైసా బాకీ ఉన్నా బాకీయే. ఇన్‌వాయిస్ 'చెల్లించలేదు'గానే ఉంటుంది, నమోదు మొదలే కాదు. లావాదేవీ కనిపిస్తోంది కదా, డబ్బు వచ్చింది కదా అనుకుంటూ గంటల తరబడి రిజిస్ట్రార్ వైపు వెతుకుతారు. ఇన్‌వాయిస్‌లో 'బ్యాలెన్స్' గడి సున్నాగా ఉందో లేదో చూస్తే నిమిషంలో తేలుతుంది. బ్యాంకు బదిలీ లాంటి చెల్లింపులను మాత్రం మనిషే చూసి గుర్తించాలి. అలాంటివి ఉన్న చోట 'వెంటనే నమోదు' అని ప్రకటన వేయడం మానుకోవాలి.

డబ్బు అందినట్టు తేలితే తర్వాత చూడాల్సింది అమరిక. డబ్ల్యూహెచ్ఎంసీఎస్‌లో డొమైన్ ధరల పట్టికలో ప్రతి పొడిగింపు పక్కనా 'ఆటో రిజిస్ట్రేషన్' గడి ఉంటుంది. అందులో రిజిస్ట్రార్ పేరు ఎంచుకోకపోతే ఆ రకం డొమైన్లు ఎప్పటికీ తమంతట తాము నమోదు కావు. డాట్ కామ్‌కు పెట్టి, కొత్తగా చేర్చిన పొడిగింపుకు పెట్టడం మరిచిపోవడం చాలా మామూలు. 'డాట్ కామ్ పోతోంది, డాట్ షాప్ పోవడం లేదు' అని ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడే చూడండి. అలాగే బిల్లింగ్‌ను రిజిస్ట్రార్‌కు కలిపే మాడ్యూల్‌లో 'టెస్ట్ మోడ్' టిక్కు. ఇది ఉండిపోతే మరీ ప్రమాదం. పరీక్ష వ్యవస్థ పెద్దమనిషిలా 'నమోదైంది' అని జవాబిస్తుంది, బిల్లింగ్ 'యాక్టివ్' అని చూపిస్తుంది, అసలు రిజిస్ట్రీలో మాత్రం పేరు ఉండదు. ఆర్‌డాప్‌ను ముందే చూడమన్నది ఇలాంటివాటి కోసమే.

ఆలస్యం అనగానే చాలామంది క్రాన్ (నిర్ణీత వేళలకు పనులను తనంతట తానే నడిపే సర్వర్ సాధనం) మీద పడతారు. పాపం, దాని తప్పు మనం అనుకునేదానికన్నా తక్కువ. ఎక్కువ వ్యవస్థల్లో నమోదు పిలుపు చెల్లింపు అందిన క్షణంలోనే వెళుతుంది, క్రాన్ కోసం ఆగదు. క్రాన్ చేసేది గడువు తేదీలు సరిచూడటం, బదిలీల స్థితి తెలుసుకోవడం, పునరుద్ధరణ ఇన్‌వాయిస్‌లు తీయడం, విఫలమైన పనుల వరుసను చూడటం. అయితే నమోదును వరుసలో పెట్టి తర్వాత పంపే వ్యవస్థ అయితేనో, రిజిస్ట్రీ ఆమోదం కోసం ఆగిన పేరు అయితేనో క్రాన్ ఆగడమంటే పనంతా ఆగడమే. డబ్ల్యూహెచ్ఎంసీఎస్ క్రాన్‌ను 5 నిమిషాలకోసారి నడపాలి. రోజుకు ఒకసారి పెట్టిన పాత అమరికలు ఇంకా చాలా చోట్ల కనిపిస్తాయి.

క్రాన్ నిజంగానే చెడిపోయే తీరు ఒకటుంది, అది తెలిసి ఉండటం మంచిది. వెబ్ పేజీలు నడిపే పీహెచ్‌పీ ఒకటి, కమాండ్ లైన్‌లో క్రాన్ నడిపే పీహెచ్‌పీ మరొకటి కావచ్చు. సర్వర్‌లో వెబ్‌కు కొత్త పీహెచ్‌పీ పెట్టి, కమాండ్ లైన్‌లో పాతది వదిలేస్తే, లేదా అక్కడ గుప్తంగా ఉంచిన కోడ్‌ను చదివే అయాన్‌క్యూబ్ లోడర్ లేకపోతే, క్రాన్ మొదటి వరుసలోనే కుప్పకూలుతుంది. అది అరిచిన అరుపు ఎవరికీ వినపడదు, ఎందుకంటే క్రాన్ వరుస చివర అవుట్‌పుట్‌ను 'నల్'లోకి పారబోయమని మనమే రాసి ఉంటాం. ఆ భాగం తీసేసి ఒకసారి చేత్తో నడిపితే అసలు లోపం తెరమీదే కనబడుతుంది. క్రాన్ వరుసలో ఉత్త 'పీహెచ్‌పీ' అని కాకుండా, వెబ్ వాడే వెర్షన్ పూర్తి దారిని రాయడం అలవాటు చేసుకోవాలి.

ఇక రిజిస్ట్రార్ గుమ్మం. ఇక్కడ మాడ్యూల్ లాగ్ తప్ప వేరే దిక్కు లేదు. దాన్ని ఆన్ చేసి, ఒక్క ప్రయత్నం చేసి, పంపిన అభ్యర్థనా వచ్చిన జవాబూ యథాతథంగా చదవాలి. బిల్లింగ్ తెరమీద కనిపించే ఒక్క ముక్క సందేశాన్ని నమ్మకూడదు. రిజిస్ట్రీ ఒక కారణం చెబుతుంది, రిజిస్ట్రార్ దాన్ని తన మాటల్లోకి మారుస్తాడు, మాడ్యూల్ దాన్ని కుదిస్తుంది, చివరికి తెరమీద 'తెలియని లోపం' అని మిగులుతుంది. పంచపాండవులంటే మంచం కోళ్లలా ముగ్గురని రెండు వేళ్లు చూపి పలక మీద ఒకటి వేసినట్టు.

జవాబే రాకపోతే కర్ల్ (మీ సర్వర్ బయటి సర్వర్లతో మాట్లాడే సాధనం) ఇచ్చే లోప సంఖ్యను చూడండి. 6 అయితే రిజిస్ట్రార్ సర్వర్ పేరుకు ఐపీ దొరకలేదు, మీ సర్వర్‌లోని డీఎన్ఎస్ అమరిక చూసుకోవాలి. 7 అయితే దారి మూసి ఉంది, బయటికి వెళ్లే పోర్టును ఫైర్‌వాల్ ఆపి ఉండవచ్చు. 28 అంటే గడువు తీరింది, దీని గురించి కింద విడిగా చెబుతాం. 35, 60 వస్తే టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుప్తంగా ఉంచే పద్ధతి) గొడవ. పాత ఓపెన్ ఎస్ఎస్ఎల్‌తోనో, పాతబడిన రూట్ సర్టిఫికెట్ల మూటతోనో ఉన్న సర్వర్లకు ఇది వస్తుంది. 2021 సెప్టెంబర్ 30న ఒక ప్రసిద్ధ రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు పాత సర్వర్లు చాలా ఇలాగే కనెక్షన్లు తెగ్గొట్టుకున్నాయి. అప్పుడు సర్టిఫికెట్ పరీక్షనే ఆపేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. అలా ఎప్పుడూ చేయకండి. డబ్బు, పాస్‌వర్డ్ వెళ్లే దారికి తాళం తీసేయడమే అది. సర్టిఫికెట్ల మూటను కొత్తది చేస్తే సరిపోతుంది.

జవాబు వచ్చి, అందులో అనుమతి లేదని ఉంటే చాలాసార్లు ఐపీ జాబితాయే కారణం. చాలామంది రిజిస్ట్రార్లు తమకు ముందే చెప్పిన ఐపీల నుంచి వచ్చే ఏపీఐ పిలుపులనే వినిపించుకుంటారు. సర్వర్ మార్చినప్పుడు ఐపీ మారుతుంది, అది అందరికీ తట్టేదే. తట్టనిది ఐపీవీ6, అంటే కొత్త తరహా ఐపీ చిరునామా. హోస్టింగ్ సంస్థ సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా కలిపిన రోజునుంచి కర్ల్ ఆ దారినే ఇష్టపడవచ్చు, జాబితాలో ఉన్నది మాత్రం పాత ఐపీవీ4. ఎవరూ ఏమీ మార్చలేదంటారు, నిన్నటిదాకా నడిచిందంటారు. కర్ల్‌ను మైనస్ 4తో ఒకసారి, మైనస్ 6తో ఒకసారి నడిపి, బయటికి కనిపించే మీ ఐపీ ఏదో తెలుసుకుంటే విషయం బయటపడుతుంది. రెండు ఐపీలనూ జాబితాలో చేర్చండి, లేదా మాడ్యూల్‌ను ఐపీవీ4కే కట్టేయండి. కొన్నిసార్లు సర్వర్‌కు మూడు నాలుగు ఐపీలుంటాయి, సైటుకు కేటాయించిన ఐపీ వేరు, బయటికి వెళ్లేటప్పుడు కనిపించే ఐపీ వేరు. జాబితాలో ఉండాల్సింది రెండోది.

రిజిస్ట్రార్ దగ్గర ముందుగా వేసుకున్న డిపాజిట్ అయిపోవడం అన్నిటికన్నా సామాన్యమైన కారణం, అన్నిటికన్నా సిగ్గు పెట్టేది కూడా. కస్టమర్ కట్టిన డబ్బు మీ గేట్‌వేలో ఉంటుంది, రిజిస్ట్రార్ ఖాతాలో సున్నా ఉంటుంది. రిజిస్ట్రీలతో మాట్లాడే ఈపీపీ భాషలో డబ్బు తరఫున విఫలమైందనే జవాబు సంఖ్య 2104; ఇకపై వచ్చే నాలుగంకెల జవాబు సంఖ్యలన్నీ ఆ భాషవే. చిక్కేమిటంటే కొందరు రిజిస్ట్రార్లు డబ్బు లేదని తిరస్కరించరు. ఆర్డరు తీసుకుని తమ దగ్గర 'పెండింగ్'లో పెట్టి, ఆర్డరు సంఖ్యతో జవాబిస్తారు. మాడ్యూల్ దాన్ని విజయం అనుకుంటుంది. అందువల్ల డిపాజిట్ ఒక మట్టం కంటే దిగితే ఈమెయిల్ వచ్చేలా పెట్టుకోవాలి. ఆ మట్టం మీ మామూలు రోజు అమ్మకానికి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలన్నది మా అభిప్రాయం, ఎందుకంటే వరుసగా సెలవులొస్తే డిపాజిట్ బదిలీ కూడా ఆగుతుంది. పునరుద్ధరణలూ ఇదే డిపాజిట్ తింటాయని మరవకూడదు.

అన్నీ సరిగా ఉండి 2005 అనో 2306 అనో వస్తే కస్టమర్ వివరాల్లో తేడా. 2005 అంటే రాసిన తీరు తప్పు, 2306 అంటే రాసిన తీరు బాగున్నా రిజిస్ట్రీ నియమానికి విరుద్ధం. ఫోన్ నంబరు 'ప్లస్, దేశ కోడ్, చుక్క, నంబరు' అనే వరుసలో ఉండాలి. చుక్క లేకపోయినా, మధ్యలో ఖాళీలున్నా తిరస్కారమే. దేశం పేరు పూర్తిగా కాకుండా రెండక్షరాల కోడ్‌గా వెళ్లాలి. రాష్ట్రం గడిని ఖాళీగా వదిలితే కొన్ని రిజిస్ట్రీలు ఒప్పుకోవు.

తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి. రిజిస్ట్రీలతో మాట్లాడే ఈపీపీ భాషలో చిరునామాకు రెండు రూపాలున్నాయి: అంతర్జాతీయ రూపం, స్థానిక రూపం. మొదటిదాంట్లో 7 బిట్ల ఆస్కీ అక్షరాలు (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) తప్ప వేరేవి కుదరవు. చాలా మాడ్యూళ్లు పంపేది ఆ రూపమే. కస్టమర్ పేరునో వీధినో తెలుగులో రాస్తే నమోదు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లోనే రాశారు, అయినా ఆగింది అంటే, తెలుగు కీబోర్డు వదిలిన కనిపించని అక్షరం ఏదో, వర్డ్ ఫైలు నుంచి అతికించిన వంకర కొటేషన్ గుర్తు ఏదో అందులో ఉండి ఉంటుంది. కంటితో ఎంత చూసినా కనపడదు. ఆ గడిని పూర్తిగా చెరిపి మళ్లీ చేత్తో కొట్టడమే తేలిక దారి. శాశ్వత మందు మాత్రం కస్టమర్ ఫారంలోనే ఆస్కీ కాని అక్షరాలను ఆపే నియమం పెట్టడం.

డొమైన్ పేరే తెలుగులో ఉంటే అది 'ఎక్స్ఎన్'తో మొదలయ్యే ప్యూనీకోడ్ (ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చిన) రూపంలో వెళ్లాలి, ఆ రూపం 63 అక్షరాలు దాటకూడదు. చాలా రిజిస్ట్రీలు దానితో పాటు భాష గుర్తును కూడా అడుగుతాయి. మాడ్యూల్ ఆ గుర్తు పంపకపోతే 2003 వస్తుంది, అంటే తప్పనిసరి వివరం ఒకటి లేదని.

కొన్ని పొడిగింపులకు వాటి సొంత ప్రశ్నలుంటాయి. డాట్ యూఎస్ కొనేవాళ్లు అమెరికాతో తమ సంబంధమేమిటో, పేరు ఎందుకు వాడతారో చెప్పాలి. డాట్ సీఏకు కెనడా అర్హత, డాట్ ఏయూకు ఆస్ట్రేలియాతో సంబంధం ఉన్నట్టు ఆధారం అడుగుతారు. ఈ ప్రశ్నలు కార్టు పేజీలో కనిపించకపోతే కస్టమర్ జవాబు చెప్పే అవకాశమే ఉండదు, నమోదు ఎప్పటికీ జరగదు. డబ్ల్యూహెచ్ఎంసీఎస్‌లో ఈ అదనపు గడులను మార్చుకునే ఫైలు 'రిసోర్సెస్' ఫోల్డర్‌లోని 'డొమైన్స్' కింద ఉంటుంది. రిజిస్ట్రార్ మాడ్యూల్ ఆశించే గడి పేరూ ఈ ఫైలులోని పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. డాట్ ఏఐ లాంటివాటికి కనీసం 2 సంవత్సరాలకు కొనాలి. ధరల పట్టికలో ఒక సంవత్సరం ధర వదిలేస్తే ఎవరో ఒకరు దాన్ని ఎంచుకుంటారు, అది తిరిగొస్తుంది.

ప్రీమియం పేర్లు మరీ ఇబ్బంది. రిజిస్ట్రీ కొన్ని చిన్న పేర్లకు, అందమైన పేర్లకు ఎక్కువ ధర పెడుతుంది. బిల్లింగ్‌లో ప్రీమియం ధరలు చదివే అమరిక లేకపోతే మామూలు ధరకే అమ్మేస్తుంది. ధర ఒప్పుకున్నట్టు అభ్యర్థనలో రాయనందున రిజిస్ట్రీ దాన్ని వెనక్కి పంపుతుంది. ఆ పేరును నష్టానికి నమోదు చేయడమో, డబ్బు తిరిగివ్వడమో చేయాల్సి రావచ్చు. కొత్తగా తెరుచుకున్న పొడిగింపుల్లో కనీసం మొదటి 90 రోజులు మరో మెలిక: ఆ పేరు ఎవరి ట్రేడ్‌మార్క్‌తోనైనా కలిస్తే కొనేవాళ్లకు నోటీసు చూపించి, ఒప్పుకున్నట్టు గుర్తు తీసుకోవాలి. దాన్ని చూపించడం చేతకాని మాడ్యూల్ అయితే ఆ పేరును రిజిస్ట్రార్ ప్యానెల్ నుంచే కొనాలి.

నేమ్‌సర్వర్ల (పేరు ఏ సర్వర్‌కు దారి చూపాలో చెప్పేవి) విషయం తొందరగా చెబుతాం. మీ సొంత బ్రాండ్ పేరుతో నేమ్‌సర్వర్లు నడుపుతుంటే, వాటిని ముందుగా ఆ డొమైన్ ఉన్న రిజిస్ట్రార్ దగ్గర హోస్టులుగా నమోదు చేసి ఉండాలి. లేకపోతే 2303, అంటే అడిగిన వస్తువే లేదని. జర్మనీ డాట్ డీఈ లాంటి కొన్ని రిజిస్ట్రీలు నేమ్‌సర్వర్‌లో ఆ పేరు జోన్ (దాని డీఎన్ఎస్ వివరాలు) ముందే సిద్ధంగా ఉందో లేదో చూస్తాయి. అలాంటివాటికి హోస్టింగ్ అకౌంటు ముందు తయారై, నమోదు తర్వాత జరగాలి. వరుస తిరగబడితే విఫలం.

ఇప్పుడు గడువు తీరడం గురించి. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. బిల్లింగ్ నమోదు అడుగుతుంది. రిజిస్ట్రార్ దాన్ని రిజిస్ట్రీకి పంపుతాడు, పేరు నమోదవుతుంది, డబ్బు డిపాజిట్‌లోంచి పోతుంది. కానీ ఆ జవాబు తిరిగొచ్చేలోపే మాడ్యూల్‌కు ఓపిక అయిపోయి, 28 అని రాసి, 'విఫలం' అని చూపిస్తుంది. సిబ్బంది మళ్లీ బటన్ నొక్కుతారు. ఈసారి 2302 వస్తుంది, ఆ పేరు ఇప్పటికే ఉందని. వెంటనే కస్టమర్‌కు 'మీ పేరును ఎవరో ముందే కొనేశారు, డబ్బు తిరిగిస్తాం' అని ఈమెయిల్ వెళుతుంది. అసలు ఆ పేరు ఉన్నది మీ ఖాతాలోనే, కస్టమర్ పేరు మీదే. ఇంతకన్నా విడ్డూరం ఉండదు. 2302 వచ్చిన ప్రతిసారీ, ఎవరికీ ఏమీ చెప్పకముందే ఆర్‌డాప్‌లో రిజిస్ట్రార్ పేరు, నమోదైన సమయం చూడండి. సమయం మీ మొదటి ప్రయత్నానికి సరిపోతే పేరు మీ దగ్గరే ఉంది. రిజిస్ట్రార్ ప్యానెల్‌లో నిర్ధారించుకుని, బిల్లింగ్‌లో స్థితిని 'యాక్టివ్'గా చేత్తో మార్చి, సింక్ నడిపి గడువు తేదీ తెచ్చుకుంటే పని అయిపోతుంది. సమయాలు పోల్చేటప్పుడు ఆర్‌డాప్‌లో ఉండేది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని గుర్తుంచుకోండి.

కొత్త నమోదులో ఈ పొరపాటు పరువు తీస్తుంది, పునరుద్ధరణలో డబ్బే తీస్తుంది. ఒకే పేరును రెండుసార్లు నమోదు చేయడం కుదరదు గానీ రెండుసార్లు పునరుద్ధరించడం భేషుగ్గా కుదురుతుంది. ఈపీపీలో పునరుద్ధరణ అడిగేటప్పుడు ప్రస్తుత గడువు తేదీని కూడా పంపాలన్న నియమం పెట్టింది దీన్ని ఆపడానికే. మొదటి అభ్యర్థనతో తేదీ మారిపోతుంది కాబట్టి, పాత తేదీతో వచ్చే రెండోది చెల్లదు. కానీ చాలా రిజిస్ట్రార్ ఏపీఐలు ఆ తేదీని మాడ్యూల్ దగ్గర అడగవు, తామే కొత్తగా చదువుకుని పంపేస్తాయి. కాపలా కాస్తా అక్కడ పోతుంది. అలా పెరిగిన సంవత్సరాన్ని వెనక్కి తీసుకోవడం కూడా తేలిక కాదు. పునరుద్ధరణ గ్రేస్ గడువులో రుసుము వెనక్కి రావాలంటే డొమైన్‌నే తొలగించాలి, అది ఎవరూ చేయరు. కాబట్టి పునరుద్ధరణకు 28 వస్తే, ముందు గడువు తేదీ చూడకుండా మళ్లీ నొక్కడం నిషిద్ధం అని గోడ మీద రాసిపెట్టుకోవచ్చు.

1001 గురించి కూడా ఒక మాట. 1000 అంటే పని పూర్తయింది. 1001 అంటే అభ్యర్థన అందింది, పని ఇంకా పెండింగ్‌లో ఉంది, రిజిస్ట్రీ తర్వాత కబురు చెబుతుంది అని. ఆర్‌డాప్‌లో స్థితి 'పెండింగ్ క్రియేట్' అని ఉండవచ్చు. పత్రాలు పరిశీలించే రిజిస్ట్రీల్లో ఇది మామూలే. రెండూ ఒకటే అనుకునే మాడ్యూల్ కస్టమర్‌కు అభినందనల ఈమెయిల్ పంపుతుంది, తర్వాత రిజిస్ట్రీ కాదంటే చెప్పేవాడుండడు. ఇక్కడ మాత్రం ఆగడమే సరైన పని, కానీ ఎందుకు ఆగుతున్నామో కస్టమర్‌కు చెప్పి ఆగాలి.

నమోదయ్యాక కూడా సైటు తెరుచుకోకపోతే, అప్పుడు డీఎన్ఎస్ వంతు. పేరు నమోదు కాకముందే కస్టమర్ పదేపదే బ్రౌజర్‌లో కొట్టి చూసి ఉంటే, 'అలాంటి పేరు లేదు' అన్న జవాబును కూడా వాళ్ల ఇంటర్నెట్ సంస్థ సర్వర్ కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. డిగ్ అనే డీఎన్ఎస్ పరీక్ష సాధనాన్ని ట్రేస్‌తో నడిపితే పై సర్వర్లు ఏమంటున్నాయో సూటిగా తెలుస్తుంది. మొదట బాగా నడిచి, రెండు వారాల తర్వాత ఒక్కసారిగా మాయమైతే ఆర్‌డాప్‌లో 'క్లయింట్ హోల్డ్' (రిజిస్ట్రార్ పేరును ఆపేశాడన్న గుర్తు) కోసం చూడండి. 2013 నాటి ఐకాన్ ఒప్పందం ప్రకారం కొన్నవాళ్లు 15 రోజుల్లో ఈమెయిల్ నిర్ధారించాలి, లేకపోతే రిజిస్ట్రార్ పేరును ఆపేయవచ్చు. ఆ ఈమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో ఉండిపోయి ఉంటుంది.

మాడ్యూల్ లాగ్ పని కాగానే ఆపేసి, ఉన్నది చెరిపేయండి. అందులో కస్టమర్ల చిరునామాలు, ఫోన్ నంబర్లు, బదిలీ కోడ్‌లు బాహాటంగా ఉంటాయి. రిజిస్ట్రార్‌కు టికెట్ రాయాల్సి వస్తే చెరపకముందే నాలుగు వివరాలు తీసిపెట్టుకోండి: డొమైన్ పేరు, యూటీసీలో ప్రయత్నించిన సమయం, నాలుగంకెల జవాబు సంఖ్య, ఆ జవాబులోని సర్వర్ లావాదేవీ గుర్తు. ఆ గుర్తు పట్టుకుని రిజిస్ట్రార్ తన లాగ్‌లోనూ, రిజిస్ట్రీ దగ్గరా ఆ ఒక్క అభ్యర్థననే వెతకగలడు. అది లేకుండా 'మా డొమైన్ ఇంకా పెండింగ్‌లో ఉంది, చూడండి' అని రాస్తే, అటునుంచి కూడా 48 గంటలు ఆగమనే జవాబే వస్తుంది.

ఇట్లు,
డొమైన్, హోస్టింగ్ బిల్లింగ్ వ్యవస్థల మీద పనిచేసే కొందరు పాఠకులు